తెర మీది జంట, తెర వెనుక మనుషులు

1

కళాకారుడి శ్రమకు డబ్బిచ్చిన ప్రేక్షకుడికి ఆ కళాకారుడి జీవితం మీద ఎంత హక్కు ఉంటుంది? ఆట ముగిసి, తెర దిగి, ముఖం మీద రంగు కడుక్కున్న తర్వాత కూడా నటుడు ప్రేక్షకుడికి జవాబు చెప్పుకుంటూనే ఉండాలా? ఈ ప్రశ్న నాటకరంగమంత పాతది. అయితే గత పదేళ్లుగా థాయ్‌లాండ్, చైనా, జపాన్, దక్షిణ కొరియా, తైవాన్, ఫిలిప్పీన్స్ దేశాల్లో 'బాయ్స్ లవ్' పేరుతో వస్తున్న సీరియళ్లు దీన్ని మళ్లీ కొత్తగా మన ముందు పెట్టాయి. ఇద్దరు యువకుల మధ్య ప్రేమ ఈ కథల ఇతివృత్తం. రాసేవాళ్లలోనూ చూసేవాళ్లలోనూ ఎక్కువమంది స్త్రీలు. ఆ పాత్రలు ధరించిన ఇద్దరు నటులూ నిజ జీవితంలో కూడా ప్రేమికులే అయి ఉండాలని కోరుకునేవాళ్లు వీళ్లలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ కోరిక కోరికగా ఉన్నంతసేపూ ఎవరికీ బాధ లేదు. అది డిమాండుగా మారినప్పుడే చిక్కంతా.

ఈ విషయాన్ని 'పనిలేని అమ్మాయిల పిచ్చి' అని కొట్టిపారేసేవాళ్లున్నారు. ఇది ప్రేక్షకుల స్వేచ్ఛ కాబట్టి మాట్లాడరాదనేవాళ్లూ ఉన్నారు. మొదటివాళ్లకు చరిత్ర తెలియదు. రెండోవాళ్లు చరిత్రను సగమే చూస్తున్నారు. ఈ వ్యాసం ఆ చరిత్రను క్లుప్తంగా పరిశీలించే ప్రయత్నం.

2

నటుడి దేహమూ ఆంతరంగిక జీవితమూ సరుకుగా మారడం టెలివిజన్ కంపెనీలతో మొదలు కాలేదు. జపాన్ కబుకి రంగస్థల చరిత్ర చూడండి. 1629లో తొకుగవా ప్రభుత్వం స్త్రీలను కబుకి వేదిక నుంచి నిషేధించింది. వాళ్ల స్థానంలోకి లేత యువకులు వచ్చారు. ఆ యువకుల కోసం ధనిక పోషకుల మధ్య తగాదాలు రేగాయి. 1652లో యువకుల కబుకినీ నిషేధించారు. నుదుటి మీది జుట్టు గొరిగించుకుంటేనే, అంటే అందం తగ్గించుకుంటేనే, వేదిక ఎక్కనిస్తామన్నారు. అయినా ఆట ముగిశాక యువ నటులు పోషకుల విందులకు వెళ్లక తప్పని పరిస్థితి పోలేదు. 1687లో ఇహారా సైకాకు పురుషుల మధ్య ప్రేమ గురించి 40 కథల సంపుటి ప్రచురించాడు. అందులో సగం కథలు సమురాయ్‌లవి, సగం కబుకి నటులవి. ఆ విభజనే ఒక సాక్ష్యం. సమురాయ్ ప్రేమకు మాట నిలుపుకోవడం కొలత. నటుడి ప్రేమకు పోషకుడి సంచి కొలత.

1714 నాటి సంఘటన ఒకటి ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది. షోగున్ అంతఃపురంలో పెద్ద ఉద్యోగంలో ఉన్న ఎజిమా అనే స్త్రీకీ, ఇకుషిమా షింగోరో అనే నటుడికీ సంబంధం ఉందన్న అభియోగం మీద ఇద్దర్నీ వేర్వేరు చోట్లకు ప్రవాసం పంపారు. యమమురా నాటకశాలను శాశ్వతంగా మూసేశారు. ఒక అభిమానికీ ఒక నటుడికీ మధ్య సంబంధాన్ని తేల్చడానికి రాజ్యం దిగింది. శిక్ష నాటకరంగం మొత్తానికీ పడింది. పోషకుడు కొనడం, రాజ్యం శిక్షించడం, మధ్యలో నటుడు నలగడం: తర్వాతి మూడు వందల ఏళ్ల కథకు ఇది ముసాయిదా వంటిది.

3

బాయ్స్ లవ్ సాహిత్యం మాత్రం ఈ పోషకుల వారసత్వం కాదు. అది స్త్రీలు తమకోసం తాము కట్టుకున్న గది. 1961లో మోరి మారి పురుషుల మధ్య ప్రేమను వస్తువుగా తీసుకుని 'ప్రేమికుల అడవి' అన్న అర్థం వచ్చే కథ రాసింది. 1970ల్లో తకెమియా కెయికొ, హగియో మోతో వంటి యువ రచయిత్రులు బాలికల బొమ్మల కథల పత్రికల్లోకి ఈ వస్తువును తెచ్చారు. హగియో రాసిన 'థామస్ హృదయం' 1974లో వచ్చింది. తకెమియా పెద్ద రచన 'గాలి, చెట్ల పాట' సంపాదకుల అభ్యంతరాల మధ్య ఏళ్ల తరబడి ఆగి, 1976లో మొదలై, 1984 దాకా సాగింది. 1975 డిసెంబరులో టోక్యోలో మొదటి కామిక్ మార్కెట్ జరిగితే వచ్చిన 700 మందిలో అత్యధికులు బడి వయసు ఆడపిల్లలే. వాళ్లు సొంతంగా అచ్చు వేసుకున్న పుస్తకాలను ఒకరికొకరు అమ్ముకున్నారు.

వాళ్లకు ఇద్దరు పురుషుల ప్రేమకథ ఎందుకు కావలసి వచ్చింది? ఆనాటి ప్రేమకథలో ఆడపిల్లకు దక్కే స్థానం ముందే నిర్ణయమై ఉంది. ఆమె ఎదురు చూడాలి, ఎన్నికవ్వాలి, పెళ్లి చేసుకోవాలి, గర్భం మొయ్యాలి. కథలో నుంచి స్త్రీ దేహాన్ని తప్పిస్తే ఆ భారం కూడా తప్పుతుంది. ప్రేమను సమానుల మధ్య వ్యవహారంగా ఊహించుకునే వీలు కలుగుతుంది. పితృస్వామ్యం మూసిన తలుపు పక్కనే కిటికీ పగలగొట్టుకున్నట్టు ఇది. ఈ మూలాన్ని గుర్తించని విమర్శ అన్యాయమైన విమర్శ.

కానీ కిటికీ అవతల నిజమైన మనుషులున్నారు. 1992లో సతో మసాకి అనే స్వలింగ ప్రేమిక ఉద్యమకారుడు 'షుఆజిర్' అనే చిన్న స్త్రీవాద పత్రికలో ఒక తీవ్రమైన లేఖ రాశాడు. మా ప్రేమలను మీరు అందమైన బొమ్మలుగా చూసి ఆనందిస్తున్నారు, మా కష్టాలు మీకు పట్టవు, ఆడవాళ్లను చూసి చొంగ కార్చే మగవాళ్లకూ మీకూ తేడా ఏమిటి అన్నది ఆయన వాదన సారాంశం. ఆ చర్చ ఏళ్ల తరబడి సాగింది. కొందరు స్త్రీలు కోపగించారు. కొందరు తమ ఊహల మూలాలను తామే తవ్వి చూసుకున్నారు. మన విమర్శ పత్రికల్లో 'ఎవరి జీవితాన్ని ఎవరు రాయాలి' అన్న చర్చ దళిత, స్త్రీవాద సాహిత్యాల సందర్భంగా ఎంత వేడిగా జరిగిందో గుర్తున్నవాళ్లకు ఈ వివాదం పరాయిదిగా తోచదు.

ఆ స్త్రీ పాఠకులు తమకు తాము పెట్టుకున్న ఒక కట్టుబాటును కూడా ఇక్కడ చెప్పాలి. కల్పిత పాత్రల మీద కాక నిజమైన నటుల మీద, గాయకుల మీద రాసే కథలను వాళ్లు 'నమమోనో' అన్నారు. అంటే పచ్చి సరుకు. జాగ్రత్తగా చూడకపోతే కుళ్లిపోయేది. అట్లాంటి కథలు బయటివాళ్ల కంట పడకూడదు, ముఖ్యంగా ఆ నటుడి కంట పడకూడదు, అతని పేరు వెతికితే దొరకకూడదు. ఊహించడం మా హక్కు, ఆ ఊహను అతని ముఖం మీద విసరడం మాత్రం మా హక్కు కాదు అన్న వివేకం అందులో ఉంది. చట్టం చెప్పకుండానే, ఏ ప్రభుత్వమూ బెదిరించకుండానే, పాఠకులే ఏర్పరచుకున్న నీతి ఇది.

4

ఆ నీతిని పగలగొట్టింది మార్కెట్.

థాయ్‌లాండ్‌లో ఈ పరిణామం అద్దంలో కనబడినంత స్పష్టంగా కనబడుతుంది. 2007లో వచ్చిన 'లవ్ ఆఫ్ సయామ్' సినిమా ఇద్దరు కుర్రవాళ్ల ప్రేమను సామాన్య ప్రేక్షకుల ముందుకు తెచ్చింది. 2014లో 'లవ్ సిక్' సీరియల్ వచ్చింది. 2016లో 'సోటస్' వచ్చింది. 2020లో లాక్‌డౌన్‌లో జనం ఇళ్లలో మగ్గుతున్న రోజుల్లో '2గెదర్' ఆసియా అంతటా వ్యాపించింది. ఈ క్రమంలో నిర్మాణ కంపెనీలు ఒక కిటుకు నేర్చుకున్నాయి. సీరియల్ ముగిసినా జంటను ముగించనక్కర్లేదు.

థాయ్ భాషలో 'ఖూ జిన్' అనే మాట ఉంది. ఊహాజంట అని చెప్పుకోవచ్చు. అభిమానులు పుట్టించిన ఈ మాటను కంపెనీలు వ్యాపార విధానం చేసుకున్నాయి. ఇద్దరు నటులను ఒక జంటగా ప్రకటిస్తారు. ఆ ఇద్దర్నీ ఒక సీరియల్ నుంచి ఇంకో సీరియల్‌కు, అక్కడ నుంచి ప్రకటనలకు, అక్కడ నుంచి దేశదేశాల్లో టిక్కెట్టు పెట్టి జరిపే అభిమానుల సభలకు జంటగానే తిప్పుతారు. వేదిక మీద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవాలి. ఒకరి నోటికి ఒకరు అన్నం అందించాలి. మీ మధ్య ఏముంది అని అడిగితే ఔననకూడదు, కాదనకూడదు, నవ్వాలి. దీనికి 'ఫ్యాన్ సర్వీస్' అని పేరు. పేరులోనే సేవ ఉంది. కానీ ఇది సేవ కాదు, శ్రమ. కెమెరా ఆగిన తర్వాత కూడా ఆగని శ్రమ. కార్మికుడి పనిదినాన్ని ఎంత పొడిగిస్తే యజమానికి అంత మిగులు అన్న సూత్రం ఇక్కడ విచిత్రమైన రూపంలో అమలవుతోంది. ఈ నటుడి పనిదినానికి ముగింపే లేదు. అతని స్నేహం, అతని సెలవు రోజు, అతని ఫోటో వెనకాల కనిపించిన కుర్చీ, అన్నీ పనిలోకే వస్తాయి.

ఇప్పుడు అభిమాని వైపు నుంచి చూద్దాం. ఆమె డబ్బు పెట్టి కొన్నది కథను కాదు. కథ ఎప్పుడో అయిపోయింది. ఆమె కొన్నది ఒక ఆశ: ఇది నిజం కావచ్చు అన్న ఆశ. కనుక ఆ నటుడు ఒక అమ్మాయితో ఎక్కడో కనబడితే తనను మోసం చేశారని ఆమెకు అనిపిస్తుంది. ఆ అమ్మాయిని దూషించడం, పాత ఫోటోలు తవ్వడం, క్షమాపణ చెప్పమనడం మొదలవుతాయి. ఒక జంటను సమర్థించేవాళ్లూ, ఒక్క నటుణ్నే సమర్థించేవాళ్లూ శత్రు సైన్యాల్లా మోహరిస్తారు. మోసం జరిగిన మాట నిజమే. కానీ మోసం చేసింది ఆ కుర్రవాడు కాదు. మనిషి మనసును సరుకుగా చూపి అమ్మినవాడు తెర వెనక భద్రంగా ఉన్నాడు. కోపం మాత్రం తెర మీద కనిపించేవాడి మీదకు పోతోంది. దోపిడీ వ్యవస్థలో కోపం దారి తప్పే తీరు ఇదే.

ఇందులో ఇంకో వైరుధ్యం ఉంది. ఆ నటుడు నిజంగా స్వలింగ ప్రేమికుడే అనుకోండి. అప్పుడైనా అతనికి స్వేచ్ఛ ఉందా? లేదు. అతను ప్రేమించేది పక్కన నిలబెట్టిన జతగాణ్ని కాకపోవచ్చు. అతని నిజమైన సహచరుడు ఈ వ్యాపారానికి అడ్డు. స్వలింగ ప్రేమను పొగుడుతూ నడిచే పరిశ్రమలో స్వలింగ ప్రేమికుడైన నటుడు నోరు మూసుకుని ఉండవలసి రావడం కంటే కఠోరమైన వ్యంగ్యం ఏముంటుంది?

ఈ అభిమానులను కేవలం వినియోగదారులుగా చూడడం కూడా పొరపాటే. 2020 ఏప్రిల్‌లో '2గెదర్' కథానాయకుడు బ్రైట్ వచిరవిత్, హాంకాంగ్‌ను దేశంగా పేర్కొన్న ఒక ట్విటర్ పోస్టును ఇష్టపడ్డాడని చైనా జాతీయవాదులు విరుచుకుపడ్డారు. ఆయన క్షమాపణ చెప్పినా వదలలేదు. ఆయన స్నేహితురాలి పాత పోస్టులు తవ్వి తీశారు. థాయ్ యువత హాస్యంతో జవాబు చెప్పింది. మీ ప్రభుత్వం చెడ్డదని వాళ్లు తిడితే, ఇంకా గట్టిగా తిట్టండి అని వీళ్లు నవ్వారు. బ్యాంకాక్‌లోని చైనా రాయబార కార్యాలయం ప్రకటన ఇచ్చేదాకా పోయింది. హాంకాంగ్, తైవాన్ యువతతో కలిసి 'మిల్క్ టీ కూటమి' అన్న ప్రజాస్వామిక సంఘీభావం పుట్టింది. ఇది గర్వించదగ్గ విషయం. కానీ దీనికి నిప్పంటుకున్నది ఎక్కడ? ఒక నటుడి వేలు దేన్ని నొక్కిందో, అతని స్నేహితురాలు ఎప్పుడు ఏం రాసిందో కాపలా కాసే అలవాటు దగ్గర. సంఘీభావమూ నిఘా కూడా ఒకే చేతిలో ఉన్న ఒకే ఫోను నుంచి వచ్చాయి.

5

చైనాలో మూడో పాత్ర ప్రత్యక్షంగా రంగం మీదకు వస్తుంది. అది రాజ్యం.

అక్కడ ఈ సాహిత్యాన్ని 'దన్మెయ్' అంటారు. 2003లో మొదలైన జిన్‌జియాంగ్ సాహిత్య వేదిక మీద వేలాది స్త్రీలు రాశారు. 2016 ఫిబ్రవరిలో 'అడిక్టెడ్' అనే సీరియల్‌ను చివరి భాగాలు రాకముందే చైనాలో తొలగించారు. అప్పటినుంచి నిర్మాతలు మధ్యేమార్గం పట్టారు. నవలలో ప్రేమగా ఉన్నది తెర మీద గాఢ స్నేహం అయింది. ప్రేక్షకులు దానికి 'సోషలిస్టు సౌభ్రాతృత్వం' అని పేరు పెట్టి నవ్వుకున్నారు. 2019లో వచ్చిన 50 భాగాల 'ది అన్‌టేమ్డ్' ఆ కోవలోదే. షియావో జాన్, వాంగ్ యిబో అనే నటులు దాంతో తారలయ్యారు. తెర మీద చెప్పనివ్వని ప్రేమను అభిమానులు తెర బయట వెతికారు. కథలో నోరు నొక్కితే ఆ మాట నటుల జీవితం మీదకు మళ్లుతుంది. సెన్సారు నటుల గోప్యతను కాపాడదు, దాని మీద ఒత్తిడిని రెట్టింపు చేస్తుంది.

2020 ఫిబ్రవరి ఆఖరున ఏం జరిగిందో చూడండి. ఆ ఇద్దరు నటుల పేర్లతో ఎవరో ఒక కల్పిత కథ రాశారు. అందులో షియావో జాన్ పాత్ర స్త్రీ వేషంలో ఉండి ఒళ్లమ్ముకుని బతికే మనిషి. ఆయన అభిమానుల్లో ఒక వర్గం ఇది అవమానమని మండిపడింది. వాళ్లు రచయితతో వాదించలేదు. ప్రభుత్వానికి ఫిర్యాదులు పెట్టారు. ఫిబ్రవరి 29న 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' అనే అంతర్జాతీయ పాఠక కథా భాండాగారం చైనాలో అందకుండా పోయింది. లక్షలాది కథలు, వాటిలో షియావో జాన్‌కు ఏ సంబంధమూ లేనివే దాదాపు అన్నీ, ఒక్క వేటుతో మాయమయ్యాయి. ఆ రచయితలూ పాఠకులూ కోపంతో షియావో జాన్ ప్రచారం చేసే సరుకులను బహిష్కరించారు. ఆయన కార్యాలయం క్షమాపణ చెప్పింది. ఆ కథ రాసింది ఆయన కాదు, ఫిర్యాదు చేసింది ఆయన కాదు, నిషేధించింది ఆయన కాదు. మూల్యం చెల్లించింది మాత్రం ఆయన.

ప్రేమించే నటుణ్ని కాపాడుకోవడానికి రాజ్యాన్ని పిలిచినవాళ్లు తెలుసుకోవలసింది ఒకటుంది. రాజ్యం పిలిచినప్పుడు వస్తుంది కానీ పొమ్మన్నప్పుడు పోదు. అంతకు రెండేళ్ల ముందే, 2018లో, పురుషుల మధ్య శృంగారం ఉన్న నవలను సొంతంగా అచ్చువేసి అమ్మినందుకు అన్‌హుయ్ రాష్ట్రంలో ఒక రచయిత్రికి 10 సంవత్సరాల 6 నెలల జైలు శిక్ష పడింది. 2021 సెప్టెంబరులో ప్రసార నియంత్రణ సంస్థ 'ఆడంగి' మగవాళ్లను తెర మీద చూపరాదని ఆదేశించింది. షూటింగు పూర్తయిన సీరియళ్లు విడుదల కాకుండా ఆగిపోయాయి. 1714లో నాటకశాల మూతపడినట్టే.

దక్షిణ కొరియాలో 2021 జనవరిలో, గాయకుల పేర్లతో ఇట్లాంటి కథలు రాసేవాళ్లను కఠినంగా శిక్షించాలని అధ్యక్ష కార్యాలయానికి పెట్టిన వినతి మీద 2 లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. అందులో న్యాయమైన బాధ లేకపోలేదు. తన పేరుతో, తన ఒంటితో ఎవరో శృంగార కథ రాసి పంచితే ఏ మనిషికైనా జుగుప్స కలుగుతుంది. కానీ స్త్రీల మీద రహస్యంగా తీసిన వీడియోల నేరాలకు వ్యతిరేకంగా గొంతెత్తిన యువతులకు 'మీరూ అంతే' అని చెప్పడానికి ఈ వినతిని వాడుకున్న మగవాళ్లు కూడా అందులో ఉన్నారని అక్కడి స్త్రీవాదులు ఎత్తిచూపారు. కనుక ఏ డిమాండునైనా దాని మాటల్లోనే కాక, అది ఎవరి చేతిలో ఎవరి మీద ఆయుధమవుతోందో కూడా చూడాలి.

6

'నిజం చెప్పేస్తే గొడవ పోతుంది కదా' అనే అమాయకులకు రెండు జీవితాలు జవాబు చెబుతాయి. హాంకాంగ్ నటుడు, గాయకుడు లెస్లీ చుంగ్ 1997లో తన కచేరీ వేదిక మీద తన సహచరుణ్ని ప్రస్తావించి ఒక పాట అంకితం చేశాడు. ఎప్పుడు చెప్పాలో, ఎంత చెప్పాలో తానే నిర్ణయించుకున్నాడు. అక్కడి పత్రికలు ఆయన జీవితాన్ని వెంటాడడం మాత్రం మానలేదు. దక్షిణ కొరియా నటుడు హాంగ్ సక్‌చన్ 2000లో తాను స్వలింగ ప్రేమికుణ్నని ప్రకటించాడు. వెంటనే కార్యక్రమాల నుంచి తొలగించారు. కొన్నేళ్లపాటు పని దొరకలేదు. బయటపడడం అనేది ఆ మనిషి తిండితో, ఇంటితో, ప్రాణంతో ముడిపడిన నిర్ణయం. దాన్ని దూరాన కూర్చుని డిమాండు చేసేవాడు తన జేబులో నుంచి ఏమీ పోగొట్టుకోడు.

ఆసియాకు బయట కూడా ఇదే జరిగింది. బ్రిటిష్ సీరియల్ 'హార్ట్‌స్టాపర్'లో నటించిన కిట్ కానర్ 18 ఏళ్ల వయసులో, 2022లో, తాను ద్విలింగ ప్రేమికుణ్నని చెప్పవలసి వచ్చింది. చెప్పేలా బలవంతపెట్టారని కూడా ఆయనే చెప్పాడు. ఆ సీరియల్ చెప్పే నీతి, ఎవరినీ బలవంతంగా బయటపెట్టకూడదన్నదే. అది చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లలోనే ఆ పని చేసినవాళ్లున్నారు.

అయితే గోప్యత అన్న మాటను కంపెనీల చేతికి అప్పగించకూడదు. జపాన్‌లో యువ గాయకులను తయారుచేసే ఒక పెద్ద సంస్థ స్థాపకుడు జానీ కితగవా బాలురపై చేసిన లైంగిక అత్యాచారాల గురించి 1999లోనే ఒక వారపత్రిక వరసగా రాసింది. 2003లో టోక్యో హైకోర్టు ఆ కథనాలు ప్రధానంగా నిజమేనని గుర్తించింది. అయినా పెద్ద పత్రికలూ టెలివిజన్ సంస్థలూ మౌనంగా ఉన్నాయి. 2023లో, ఆయన చనిపోయిన నాలుగేళ్లకు, బీబీసీ చిత్రం వచ్చిన తర్వాతే సంస్థ నేరాన్ని ఒప్పుకుంది. ఒక నటుడు ఎవరిని ప్రేమిస్తున్నాడో అడగడం దౌర్జన్యం. ఒక యజమాని తన దగ్గర పనిచేసే పిల్లలను ఏం చేస్తున్నాడో అడగడం బాధ్యత. మొదటి ప్రశ్నను వెయ్యి గొంతులతో అడిగే సమాజం రెండో ప్రశ్నను ఇరవై ఏళ్లు అడగలేదు.

7

ఇది మనకెందుకు అనే ప్రశ్నకు జవాబు దూరంలో లేదు. ఒక స్త్రీ ప్రేమకథ రాస్తే అది ఆమె సొంత కథేనా అని ఆరా తీసే అలవాటు మన సాహిత్య సభల్లో ఇంకా పోలేదు. చలం రచనల మీద జరగవలసిన చర్చ ఎంతకాలం చలం ఇంటి మీద చర్చగా సాగిందో మనకు తెలుసు. రచనను రచయిత మీద అభియోగపత్రంగా చదవడం, పాత్రను నటుడి మీద సాక్ష్యంగా చూడడం ఒకే రోగానికి రెండు లక్షణాలు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేననీ, లైంగికత అందులో విడదీయరాని భాగమనీ 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టు చెప్పింది. 2018 సెప్టెంబరు 6న స్వలింగ ప్రేమను నేరం కాదన్నది. థాయ్‌లాండ్‌లో స్వలింగ వివాహ చట్టం 2025 జనవరి 23న అమల్లోకి వచ్చింది. చట్టాలు తలుపు తీస్తాయి. లోపలికి తొంగిచూడకుండా ఉండడం మాత్రం పౌరులు నేర్చుకోవాలి.

విమర్శకులుగా మనం మూడు పనులు చేయవచ్చు. స్త్రీల ఊహాశక్తిని ఎగతాళి చేసేవాళ్ల వైపు నిలబడకూడదు; ఆ ఊహకు వెనక ఉన్న అణచివేతను చదవాలి. నటుణ్ని కాపాడే పేరుతో పుస్తకాలను మూసేసే రాజ్యాన్ని సమర్థించకూడదు. మనిషి ఆంతరంగిక జీవితాన్ని టిక్కెట్టు పెట్టి అమ్మే కంపెనీ లెక్కలను బయటికి లాగాలి. ప్రశ్నలు అటువైపు తిప్పాలి.

కథ మనది. ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు, మార్చి రాసుకోవచ్చు, దానితో కొట్లాడవచ్చు. ఆ కథలో నటించిన మనిషి మనవాడు కాదు. జపాన్ ఆడపిల్లలు ఏ శాసనమూ లేకుండానే గీసుకున్న గీత ఇదే. రంగు కడుక్కుని ఇంటికి పోతున్నవాణ్ని పోనివ్వాలి.